ముట్టుకోని ఫొటో

ఆ వీధిలో మొటిమలున్నవాళ్లకీ, మెల్లకన్ను ఉన్నవాళ్లకీ, నవ్వితే చిగుళ్లు బయటపడేవాళ్లకీ ఒకటే దిక్కు, టచప్ బాబాయ్. ఆయన అసలు పేరేమిటో భార్యకైనా గుర్తుందో లేదో గానీ వీధి మాత్రం ఎప్పుడో మరిచిపోయింది. బస్సు డిపోకి ఎదురుగా, చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆయన స్టూడియో. ముందు గదిలో కౌంటరు. లోపలి గదిలో నీలం తెర, గుండ్రటి స్టూలు, రెండు గొడుగు లైట్లు, మూలన కంప్యూటరు. కుర్రతనంలో మేనమామ దగ్గర నెగెటివుల మీద పెన్సిలు మొనతో మచ్చలు పూడ్చడం నేర్చుకున్నాడు. తర్వాత కంప్యూటరు వచ్చింది, పెన్సిలు పోయింది, పని మాత్రం అదే.

ఉద్యోగానికి ఫొటో దిగిన ఒకాయన్ని ఇంటర్వ్యూలో "ఇది మీ తమ్ముడిదా?" అని అడిగారట. ఒక పెళ్లికొడుకు వాళ్లు ఫొటో చూసి మురిసిపోయి బయల్దేరి వచ్చి, పిల్ల ఎదురుగా కూర్చుని ఉండగానే "ఇక అమ్మాయిని పిలవండి" అన్నారట. ఈ కథలు పుట్టించింది వీధి కాదు, బాబాయే. అదీ ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. దేవుడు హడావుడిలో చేసిన పనిని నేను తీరిగ్గా సరిచేస్తాను అనేవాడు.

కౌంటరు ఆయన భార్యది. వీధికంతా ఆవిడ పిన్ని. ఫొటోలు కత్తిరించడం, కవర్లో పెట్టడం, చంటిపిల్లల్ని లెన్సు వైపు చూసేలా బుజ్జగించడం అన్నీ ఆవిడే. ఆవిడ లోకజ్ఞానమంతా ఒక్క మాటలో ఇమిడిపోయేది, "మనకెందుకు?" చెప్పుల కొట్టులో తన్నుకున్నా మనకెందుకు, ఎన్నికల్లో ఎవరు గెలిచినా మనకెందుకు. ఆవిడ పిరికిదని అనుకోకండి. ఇంటినీ కొట్టునీ ఒంటిచేత్తో ఒడ్డుకు చేర్చిన మనిషికి వేరేవాళ్ల గొడవలు నెత్తికెత్తుకునే ఓపిక ఉండదు, అంతే.

ఒకరోజు పొద్దున షట్టరు ఇంకా సగమే లేచి ఉండగా వకీలమ్మ వంగి లోపలికొచ్చింది. ఆవిడ గురించి ఊరందరికీ తెలుసు. పోలీసులు స్టేషన్లో ఎవరినైనా పెట్టుకుని మా దగ్గర లేడంటే, ఆవిడ వెళ్లి అక్కడి బెంచీ మీద కూర్చుంటుంది. మనిషిని చూపించేదాకా లేవదు. ఆవిడ స్కూటరు టైర్లు ఎవరో కోస్తుంటారు, ఆవిడ మారుస్తూ ఉంటుంది. ఇల్లు అద్దెకివ్వాలంటే యజమానులకు ఒణుకు. అయినా మనిషి మొహంలో విసుగు కనిపించదు, మొండితనం మాత్రం బోలెడు.

ఆవిడ వెనకాల గోడ పట్టుకుని నడుస్తూ మైకు వచ్చాడు. రంగుల ఫ్యాక్టరీలో పనివాడు. గొంతు పెద్దది కాబట్టి ఆ పేరు. ఫ్యాక్టరీ వదిలే నీళ్లు భూమిలోకి ఇంకి, కార్మికుల ఇళ్ల బోర్లలోకి దిగి, పిల్లల ఒంటి మీద పుళ్లు లేస్తుంటే, ఆ నీళ్లు పరీక్ష చేయించమని గేటు ముందు నిలబడి అడిగినవాడు. అడగడమే నేరమైంది. తీసుకెళ్లి లోపలేశారు. వకీలమ్మ బెంచీ దిగకపోయేసరికి చివరికి వదిలేస్తూ, మెట్ల మీంచి జారిపడ్డాడని రాసుకున్నారు. ఆ స్టేషన్‌కి మేడ లేదు. గడప తప్ప ఎక్కడానికి ఏమీ లేదు.

వకీలమ్మ మాట క్లుప్తంగా చెప్పింది. కోర్టు తలుపులు తెరిచేసరికి ఫొటోలు కావాలి, మొహానివీ వీపువీ. తను పక్క సందులో కాగితాలు టైపు చేయించుకుని వస్తానని వెళ్లింది. బాబాయ్ లోపల లైట్లు సర్దుకుని మైకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. అలవాటు కొద్దీ గడ్డం కాస్త పైకి అన్నాడు. పైకి లేవలేదు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. దవడ ఏ రంగులో ఉందో చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు. వీపు చూశాక బాబాయ్ కాసేపు కెమెరా వెనకాలే దాక్కున్నాడు.

ఫొటోలు తీసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాపం, ఏమీ ఆలోచించలేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ కుర్చీలో కూర్చుంటే చెయ్యి దానంతటదే పోతుంది. దవడ మీది నలుపు తీసింది. వాపు దించింది. మూసుకున్న కన్ను తెరిచింది. చిట్లిన పెదవిని అతికించింది. పైగా మనసులో జాలి, ఇంత దెబ్బతిన్నవాడు ఫొటోలోనైనా కాస్త చక్కగా ఉండాలని. వీపు కూడా నున్నగా చేసి, ప్రింటు తీసి, కవర్లో పెట్టి వకీలమ్మ చేతికిచ్చాడు. బాగా కుదిరిందన్న తృప్తితో ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ కవర్లోంచి ఫొటోలు బయటికి తీసింది. మైకు ఆవిడ భుజం మీంచి తొంగి చూసి, నవ్వబోయి, పెదవి నొప్పెట్టి ఆగిపోయాడు. ఇంత బాగుంటానని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదే అన్నాడు.

"బాబాయ్," అంది వకీలమ్మ మెల్లగా, "వాళ్లు రాత్రీ పగలూ కష్టపడి చేసిన పనిని మీరు పావుగంటలో తుడిచేశారు."

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో తన పనికి సిగ్గుపడటం అదే మొదటిసారి. మళ్లీ లోపలికెళ్లి, ఈసారి కుడిచేతిని వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో ఉన్నవి ఉన్నట్టు ప్రింటు తీశాడు. వాటి వెనక స్టూడియో ముద్ర వేసి సంతకం చెయ్యమంది వకీలమ్మ. ఫొటో ఇచ్చాం చాలదా, సంతకం మనకెందుకని పిన్ని వెనకనుంచి గొణిగింది. ఆయన వినిపించుకోలేదు, సంతకం గీకేశాడు.

నున్నటి ఫొటోలు కౌంటరు కింద అరలో పడేశాడు. అప్పుడే చింపేసి ఉంటే ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. కానీ తన చేత్తో అందంగా దిద్దిన మొహాన్ని తన చేత్తోనే చింపడం టచప్ చేసేవాడికి చేతకాదు. అది ఆ వృత్తివాళ్లకే ఉండే జబ్బు.

ఆ ఫొటోలు చూసి కోర్టు విచారణకు ఆదేశించింది. ఒక రిటైరైన జడ్జి విచారిస్తాడు. ఫొటోలు నిజమైనవని నిలిస్తే మైకుని కొట్టిన అధికారి జవాబు చెప్పుకోవాలి. నిలవకపోతే, పోలీసుల మీద దొంగ ఫిర్యాదు చేశాడని మైకే జైలుకెళ్తాడు. ఫ్యాక్టరీ గేటు ముందు మళ్లీ నోరెత్తేవాడు ఉండడు. సంతకం బాబాయ్‌ది కాబట్టి సాక్ష్యం చెప్పాల్సిందీ ఆయనే. వకీలమ్మ ఈ సంగతంతా ఆయనకి దాచకుండా చెప్పింది.

విచారణ దగ్గరపడుతుండగా ఆ అధికారే స్టూడియోకి వచ్చాడు. యూనిఫాం మడత నలగకుండా స్టూలు మీద కూర్చున్నాడు. ప్రమోషన్ కాగితాలకు ఫొటో కావాలన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు, అదే భయం వేసేలా ఉంది.

"ఏమయ్యా, నిన్ను అబద్ధం చెప్పమనటం లేదు," అన్నాడు టోపీ సర్దుకుంటూ. "టచప్ చేయడం నా వృత్తి, ఈ ఫొటోల్లో కూడా నా చెయ్యి పడింది అని విచారణలో చెప్పు. నిజమేగా? అంతవరకు చెప్పి దిగిపో. నా కళ్ల కింద ఆ నలుపు మాత్రం కాస్త చూసుకో."

బాబాయ్ ఫొటో తీశాడు. కంప్యూటరు ముందు కూర్చున్నాడు, లేచాడు, నేరుగా ప్రింటు తీసి ఇచ్చాడు. కళ్ల కింద నలుపుంది, ముక్కు మీద చెమటుంది, గడ్డం కింద వేలాడే చర్మం ఉంది. ఇదేంటని అడిగాడు అధికారి. మీ మొహమే సార్ అన్నాడు బాబాయ్. ఎప్పుడూ లేనంత వినయంగా అన్నాడు గానీ ఆ మూడు ముక్కలు అనేసరికి ఆయనకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అధికారి ఫొటో జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే, పట్టపగలు, హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు వచ్చి స్టూడియోని కుమ్మేశారు. గొడుగు లైట్లు విరిచారు, తెర చింపారు, కెమెరా, కంప్యూటరు ఎత్తుకుపోయారు, కౌంటరు కింద అర ఊడ్చుకుపోయారు. అడ్డం వెళ్లిన బాబాయ్ చెయ్యి విరిగింది. చెప్పుల కొట్టువాడు చెప్పులు సర్దుకుంటున్నాడు, మందుల షాపువాడు మందులు సర్దుకుంటున్నాడు. చూశామన్నవాళ్లు ఒక్కరు లేరు.

పిన్ని గాజుపెంకుల మధ్య కూలబడి ఏడ్చింది. వద్దు మొర్రో అని ఎంత మొత్తుకున్నాను, విన్నారా అని తిట్టింది. బాబాయ్ విరిగిన చేత్తో ఆస్పత్రిలో పడ్డాడు. వకీలమ్మ ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చి, సాక్ష్యం వద్దులెండి, ఒంట్లో బాగాలేదని కాగితం పెడతాను, కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్లిపోండి అంది. అలా అనేటప్పుడు ఆవిడ గొంతు మొదటిసారి అలిసిపోయినట్టుంది. ఆవిడ బెంచీ మీంచి ఎంతమంది సాక్షులు ఇలాగే లేచి వెళ్లిపోయారో ఆవిడకే తెలియాలి. భయం పోయిందని బాబాయ్ గురించి నేను చెప్పను. భయం అలాగే ఉంది, దాని నెత్తి మీద కోపం ఎక్కి కూర్చుంది.

"అమ్మాయ్," అన్నాడు, "పగిలింది నా కొట్టు. నోరు బాగానే ఉంది. వస్తాను."

విచారణ ఒక పాత ఆఫీసు గదిలో జరిగింది. చెక్క బల్ల, కీచుమనే ఫ్యాను, గోడ వెంబడి కుర్చీలు. అధికారి ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మైకు చివర కూర్చున్నాడు. వాడి ఒంటి మీది దెబ్బలు ఎప్పుడో మానిపోయాయి, చూపించడానికి ఫొటోలు తప్ప ఇంకేం మిగల్లేదు. పిన్ని కూడా వచ్చింది, సాక్ష్యానికి కాదు. అంతకుముందు వకీలమ్మ అడగబోతే, నా జోలికి రావద్దని చేతులు జోడించేసింది. కట్టు కట్టిన చేత్తో మొగుడు బస్సెక్కలేడని తోడు వచ్చింది.

పోలీసుల తరఫు వకీలు బల్ల మీద రెండు ఫొటోలు పెట్టాడు. ఒకదాంట్లో మైకు మొహం చితికిపోయి ఉంది. రెండోదాంట్లో పెళ్లికొడుకులా ఉన్నాడు. అదే చొక్కా, అదే నీలం తెర, అదే స్టూడియో కాగితం. రెండోది వీళ్లకెలా చేరిందో బాబాయ్‌కి చప్పున అర్థమైంది. అయినా నిరూపించలేడు.

ఆ వకీలు ప్రశ్నలు నింపాదిగా అడిగాడు. నిన్ను టచప్ అంటారా? అంటారు. మచ్చలు తీస్తావా? తీస్తాను. నల్లటిది తెల్లగా చెయ్యగలవా? చెయ్యగలను. అయితే తెల్లటి మొహం మీద నలుపు పెట్టడం నీకో లెక్కా? కుర్రాడు క్షేమంగా వచ్చాడు, మంచి ఫొటో తీశావు, తర్వాత ఎవరో అడిగితే దెబ్బలు దిద్దావు, అవునా?

బాబాయ్ బల్ల మీది నున్నటి మొహం వైపు చూశాడు. దాన్ని చింపనందుకు తనను తాను తిట్టుకున్నాడు.

"ఆ మంచి ఫొటో నేను చేసిందే సార్. అది అబద్ధం," అన్నాడు. "నా కొట్లో ఇన్నేళ్లు తీసినవన్నీ అబద్ధాలే, ఈ గదిలో కూర్చున్నవాళ్ల పెళ్లి ఫొటోలతో సహా. మచ్చ తీసెయ్యమని అడిగినవాళ్లే అందరూ. పెట్టమని అడిగిన మనిషి ఒక్కడూ రాలేదు. ఎవరికోసం నేర్చుకుంటాను ఆ పని? నేను చెయ్యి పెట్టకుండా ఇచ్చిన మొదటి ఫొటో నా బతుకులో ఆ దెబ్బల ఫొటోనే. సంతకం ఉన్నది దాని మీదే."

గోడ వెంబడి కూర్చున్న కానిస్టేబుళ్లలో ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు. రేపటినుంచి తన కొట్టు మెట్లు ఎవరూ ఎక్కరని బాబాయ్‌కి తెలుసు. అబద్ధమని ఒప్పుకున్నవాడి దగ్గర అందం కొనుక్కునేది ఎవరు? అయినా వెనక్కి తీసుకోలేదు.

జడ్జి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అసలు ఫైళ్లు ఉన్న కెమెరా, కంప్యూటరు పోయాయి. అబద్ధాలు చేశానని చెప్పుకున్న మనిషి ఒక్కడి మాట మీద ఎలా నమ్మాలి, ఆ రోజు ఆ మొహాన్ని చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. వకీలమ్మ తల దించుకుంది. తన మాట పనికిరాదు, మైకు తరఫు వకీలు తనే. అధికారి కాలు ఊపుతున్నాడు.

వెనక కుర్చీ చప్పుడైంది. పిన్ని నిలబడింది.

"నేను చూశాను. రాసుకోండి."

బాబాయ్ బిత్తరపోయాడు. జడ్జి ఆవిడకు నెమ్మదిగానే చెప్పాడు. సాక్షుల్లో మీరు లేరమ్మా, చెబితే మిమ్మల్నీ ప్రశ్నిస్తారు, అందరూ గుర్తుపెట్టుకుంటారు, ఆలోచించుకోండి అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని పోలీసుల వకీలు విరుచుకుపడ్డాడు. ఇన్నాళ్లూ చెప్పకపోతే బతకనిస్తారనుకున్నాను సార్, అంది. చెప్పకపోయినా బతకనివ్వరని తెలిశాక దాచుకుని ఏం చేసుకోను, అని బల్ల దగ్గరికి నడిచొచ్చింది. అధికారి కాలు ఊపడం ఆపాడు.

"ఆ అబ్బాయిని ముందు నా కౌంటరు పక్కనే కూర్చోబెట్టారు. మా ఆయన లోపల లైట్లు సర్దుకుంటున్నారు, ఈ సంగతి ఆయనకీ తెలీదు. దాహం అన్నాడు. గ్లాసు ఇస్తే పెదవికి ఆనించుకోలేకపోయాడు. చెంచాతో పట్టాను. లోపలికి పోయింది తక్కువ, రక్తంతో కలిసి గడ్డం మీదికి కారింది ఎక్కువ. నా కొంగుతో తుడిచాను. ఫొటోలో రంగులు ఎలా పూస్తారో మీరు వాదించుకోండి. ఆ చెంచా కడిగింది నేను. ఇంకా ఏమైనా అడగాలంటే అడగండి, నేనెక్కడికీ పోను."