జపాన్ పల్లె కోలుకుందని నేను తేల్చిన వైనం

తొంభైల మొదట్లో ఆస్ట్రేలియాలోని టూవూంబాలో గ్రామీణ ఆర్థికశాస్త్రం చదువుతుండగా, చితికిపోతున్న ఊరొకటి తీసుకుని క్లాసులో మాట్లాడమన్నారు. అందులో తప్పితే కోర్సు తప్పినట్టే. స్కాలర్‌షిప్ పోతుంది, దాని వెనకే నేనూ ఇంటికి పోతాను.

అందరూ క్వీన్స్‌లాండ్ ఊళ్లు పంచుకున్నారు. నేను జపాన్ తీసుకున్నాను. కారణం పాండిత్యం కాదు, ఒక స్నేహితుడిచ్చిన యానిమే టేపు, అంటే జపాన్ బొమ్మల సినిమా. దానికి సబ్‌టైటిల్స్ లేవు, నాకు జపనీస్ రాదు. రెండూ పెద్ద లోపాలుగా తోచలేదు.

నా దగ్గర వీసీఆర్ లేదు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన డాక్టరాంటీ ఇంట్లో ఉంది. ఆవిడ వెల్లుల్లి వొలుస్తూ నా పక్కన కూర్చుంది.

“ఏవిట్రా, ఇంత చదివి బొమ్మలు చూస్తున్నావా?”

“రీసెర్చ్, ఆంటీ.”

“అయితే సౌండ్ పెంచు. అర్థం కాకపోతే గట్టిగానైనా విందాం.”

తెరమీద సముద్రపొడ్డున ఊరు. రైలుకు ఒకటే పెట్టె, స్టేషన్‌లో మాస్టారే లేడు. బజారులో సగం షట్టర్లు దించేశారు. పొలాల్లో అందరూ ముసలమ్మలే. ఊరు ఇంత చక్కగా చితికిపోతుంటే నేను సంబరంగా రాసుకున్నాను. అంతలో బడి వచ్చింది. గదిలో ఒక టీచరు, ముగ్గురు పిల్లలు.

ఆంటీ చెయ్యి ఆగింది. “ముగ్గురికో పంతులమ్మా! మా క్లాసులో డెబ్భైమందిమి, బెంచీ అంచున వేలాడుతూ చదివాను. బాగా ఉన్నవాళ్ల ఊర్రా ఇది!”

నిజమే అనిపించింది. మా బళ్లో మాస్టారికి నా పేరు తెలిసింది నేను టెన్త్ పాసయ్యాకే. ఊరు మొదట చితికి, తర్వాత చదువు మీద ఖర్చుపెట్టి కోలుకుందని క్లాసులో చెప్పేశాను.

మా ట్యూటర్ గోధుమ పొలాల మధ్య పుట్టినవాడు. ఓపిగ్గా విన్నాడు.

“ఆ బళ్లో వచ్చే ఏడాది ఎంతమంది ఉంటారు, మేట్?”

ఆ ముగ్గురిలో పెద్దపిల్ల సినిమా చివర్లో పెట్టె పట్టుకుని రైలెక్కడం గుర్తొచ్చింది. “ఇద్దరు,” అన్నాను.

“మా బళ్లో తొమ్మిదిమందిమి. నేను వెళ్లిపోయాక ఎనిమిది. ఆ మరుసటి ఏడాది తాళం వేశారు,” అన్నాడు, వాన పడలేదని చెప్పినట్టు.

ఇంకో వారం గడువిచ్చాడు. ఆంటీ, నేను టేపు మళ్లీ చూశాం. ఈసారి పిల్ల రైలెక్కుతుంటే ఆవిడే సౌండ్ తగ్గించి, పాజ్ నొక్కింది. ఆవిడ విషయంలో అది అరుదైన లక్షణం.

రెండోసారి ఆ బళ్లో ఒక్కొక్కటే ఖాళీ కాబోయే మూడు కుర్చీల గురించే మాట్లాడి, అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. కాగితం మీద ట్యూటర్ రాశాడు: ‘ఆధారాలు అనుమానాస్పదం. దిగులు సరిపోయింది.’