పెద్దమ్మ చెవులూ, గంట టోనూ

మా చర్చిలో పాత కీబోర్డు చచ్చిపోయినప్పుడు బాధపడింది నేనొక్కడినే. మిగతావాళ్లు కొత్తది కొనే సాకు దొరికిందని సంబరపడ్డారు. పామిడి దగ్గర పల్లె మాది. ఎండ వేడీ, వేరుశనగ తూర్పారబట్టినప్పుడు లేచే దుమ్మూ కలిసి దాని పీచమణిచాయి. అనంతపురం మెకానిక్ మూత తీసి చూసి, వెంటనే మూసేశాడు.

కొత్త కీబోర్డులో వీణ ఉంది, వయొలిన్ ఉంది, కుక్క అరుపు కూడా ఉంది. పాతదాంట్లో ఉన్న మా గంట టోను ఒక్కటే లేదు. ఉందంటాడు కమిటీ పెద్ద. మీట పక్కన బెల్ అని రాసి ఉందిగా, ఇంకేం కావాలి! ఆ మహానుభావుడికి బడి గంటైనా ఒకటే, ఐసు బండి గంటైనా ఒకటే.

పాత టోను నిజమైన గంటను రికార్డు చేసింది కాదు. లోపల ఒక అల ఇంకో అలను కుదిపితే పుట్టిన శబ్దం. మెట్టు నొక్కితే ఆ స్వరంతో పాటు పైన సన్నగా మరో మోత వచ్చేది, శ్రుతికి కాస్త వంకరగా. మా నాయనకు వదినైన పెద్దమ్మ ఆ మోతను పట్టుకునే పాట ఎత్తుకునేది. నేను మెట్టు నొక్కి పట్టుకోవడం, మోత ఆరేలోపు ఆమె అందుకోవడం, తర్వాత సంఘమంతా కలవడం. ఎన్నో ఏళ్లుగా మా పద్ధతి అదే.

కొత్తది వచ్చిన ఆదివారం ఆమె బాగా పైన ఎత్తుకుంది. చరణానికి వచ్చేసరికి అందరి గొంతులూ చీలిపోయాయి. మరుసటి వారం మరీ కింద ఎత్తుకుంది. వెనక కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

"ఆయమ్మకు చెవులు పోయినాయప్పా" అని కమిటీ పెద్ద తేల్చేశాడు. "ఈస్టరు నుంచి కూర్చోబెడదాం. మా కోడలు పాడుతుంది."

అంతటితో ఆగితేనా! ప్రతి ఆదివారం పెద్దమ్మను ముందుకు పిలిచి, చెవుల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. పెట్టె మార్చింది వీళ్లే, అనుమానం మాత్రం ఆమె చెవుల మీద. నేను చెప్పబోతే, "నువ్వు వాయించడం చూసుకో" అన్నారు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ నన్ను అడిగింది. "నిజం చెప్పు నాయనా. నాకు వినపడకుండా పోతాండాదా?"

"నీకు కాదు, వాళ్లకు" అన్నాను.

అనంతపురంలో ఒకాయన పాత టోన్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అమ్ముతాడు. "అచ్చం అట్లే ఉండాయన్నా. గరగర అంతా తీసేసి శుభ్రం చేసినా" అన్నాడు. తెచ్చి వింటే, మాకు కావలసిన ఆ వంకర మోతనే తీసి పారేశాడు. చింతపండు తీసేసి పులుసు అమ్మే రకం!

ఇక కీబోర్డు ఇంటికి తెచ్చుకుని నేనే కూర్చున్నాను. కింద ఒక పియానో టోను, దాని మీద సన్నటి మోత టోను ఒకటి వేసి, పైదాని శ్రుతిని కొంచెం కొంచెంగా పక్కకు జరుపుతూ పోయాను. పెద్దమ్మ మంచం మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ వినేది. "ఇది కాదు." "ఇదీ కాదు." "పైన ఇంకా సన్నంగా రావల్ల." ఆమెకు విసుగు రాలేదు కానీ నాకు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఒలవడం ఆపి పాట ఎత్తుకుంది. సరిగ్గా పాత చోటే.

"అచ్చం పాతదేనా?" అన్నాను ఆశగా.

"యాడిది! పాతది పాతదే. కానీ నాకు పట్టు దొరికింది, సాలు."

ఈస్టరుకు ముందు ఆదివారం మెట్టు నొక్కాను. ఆమె ఎత్తుకుంది. చరణంలో ఒక్క గొంతూ చీలలేదు. పాట అయ్యీ కాకముందే కమిటీ పెద్ద మైకు అందుకున్నాడు. "దేవుడు మన ప్రార్థన ఆలకించినాడు! చెవులు బాగైనాయి! సాక్ష్యం చెప్పమ్మా!"

నిజం చెబుదామని నేను లేవబోతుంటే పెద్దమ్మ చేత్తో ఆపి, ముందుకు వెళ్లి మైకు తీసుకుంది.

"నా చెవులకు ఏమీ కాలేదప్పా. ఈ పెట్టెకు జబ్బు చేసింటే మా వాడు బాగు చేసినాడు" అంది. సంఘం ఆమెన్ అనాలో వద్దో తెలియక కమిటీ పెద్దను చూసింది. పెద్దమ్మ కూడా ఆయన వైపే తిరిగింది. "మీ కోడల్ని కూడా పాడమను. నా వెనక పాడమను."