సెలవులో పెట్టిన పేరు

కువైట్‌లో ఒక యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తాలకు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పడానికి వెళ్లినప్పుడు పరిచయమయ్యాడాయన. రాయచోటి మనిషి. అందరూ చాచా అనేవారు. ఏ బటన్ దగ్గరైనా ఆయన వేలు గాల్లోనే ఆగిపోయేది. "నొక్కితే మళ్లా వెనక్కొస్తాదా మ్మా?" అని అడిగేవాడు.

శిక్షణ సాగుతుండగానే ఒక విద్యార్థిని కారు ప్రమాదంలో పోయింది. రోజూ చాచా కౌంటర్ దగ్గర ఆగి సలాం చెప్పే పిల్ల. చనిపోయినట్టు నమోదు చేయమని ఆయనకే చెప్పారు.

"ఆ పిల్ల పేరు సెలవులో పెట్టినా మ్మా. సచ్చిపోయిందని నా చేత్తో ఎట్లా రాసేది?" అన్నాడు. సరిచేద్దామని నేను చేయి చాపితే మౌస్‌ను అరచేత్తో మూసేశాడు.

ఆ సెలవు గడువు ముగిశాక సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఆ పిల్ల ఇంటికి మెసేజ్ పంపింది: మీ అమ్మాయికి ఆదివారం నుంచి తరగతులు.

మరునాడు ఆమె తండ్రి ఫోన్ పట్టుకుని వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. తప్పు తనదేనని చాచా తల వంచుకున్నాడు. తండ్రి కోప్పడలేదు. అరబ్బీలో మెల్లగా ఏదో అడిగాడు.

చాచా నా వైపు తిరిగాడు.

"వచ్చేసారి గూడా ఈ మెసేజ్ పంపిస్తారా అని అడగతాండాడు మ్మా. ఏం జెప్పేది?"