నీళ్ల బీమా, గట్టు బీమా

మనిషి మునిగిపోవడానికి ఎంత లోతు నీళ్లు కావాలి? మా కడప జిల్లాలో అయితే అసలు నీళ్లే అక్కర్లేదు. నేను నిండు వేసవిలో, ఎండిన చెరువు గట్టున, ఊరంతా చూస్తుండగా మునిగిపోయాను. నీళ్లు వచ్చాక ఇంకోసారి మునిగాను. ఆ రెండు మునకల కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఆవిడ ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది, ఆమె నవ్వుకే తట్టుకున్నవాణ్ణి, మీ నవ్వొక లెక్కా!

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు కొత్తగా పెళ్లయింది. పిల్లనిచ్చిన ఓబుళరెడ్డి మామ నాకు సొంత మేనమామ. కమలాపురం దగ్గర పల్లెలో ఆయనకు చెనిక్కాయల, అదే వేరుశనగకాయల, నూనె మిల్లు ఉండేది. మగపిల్లలు లేరు. "బియ్యే చదివిన అల్లుడు, రేపు మిల్లు నడిపేది ఆ పిల్లోడే" అని ఊరంతా అనుకునేది. ఊరికంటే ముందు నేనే అనుకున్నాను. మామ లేని సమయం చూసి ఆయన తిరుగుడు కుర్చీలో కూర్చుని రెండు చుట్లు తిరిగి కూడా చూశాను.

ఆ మామ ఒకసారి ఊటీ పోయి వచ్చాడు. అక్కడ చెరువులో పెద్ద పెద్దవాళ్లు పెళ్లాం బిడ్డలతో పడవలెక్కి ఊరికే అటూ ఇటూ తిరగడం చూశాడట. "ఏ పనీ లేకుండా నీళ్లమింద తిరుగుతాండారు అల్లుడా! అదీ బతుకంటే! మనకు మాత్రం చెరువు లేదా ఏంది?" అన్నాడు.

చెరువు లేకేం, ఉంది. కార్తీకంలో నిండితే మాఘానికి మోకాలి లోతు. శివరాత్రి దాటితే పిల్లలు అందులో బిళ్లంగోడు ఆడుకుంటారు. ఆ మాట మామతో అనే ధైర్యం ఎవరికీ లేదు. నెల్లూరు వైపు వడ్రంగులతో చేయించిన పడవ గూడ్సుబండిలో కమలాపురం స్టేషనులో దిగింది. అక్కడినుంచి ఎద్దులబండి మీద ఊరేగుతూ ఊళ్లోకి వచ్చింది.

దాన్ని మొదట చూసింది మా వీధి చివర ఉండే కొండమ్మవ్వ. ఆమెకు ఒక ఎనుము, అదే గేదె, ఉండేది. ఆ ఎనుమే ఆమెకు కొడుకూ కోడలూ.

"ఏమప్పా రెడ్డీ, ఇంత పెద్ద కుడితి తొట్టి చేయించినావే! నీకాడ ఎన్ని ఎనుములుండాయి?" అంది.

"తొట్టి కాదవ్వా, పడవ. షికారు పడవ!" అన్నాడు మామ.

"ఏదయితేనేం, కుడితి పోస్తే నిలుస్తాదా లేదా?" అంది అవ్వ.

మామ ఆమెను పట్టించుకోకుండా నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే అల్లుడా, దీనికి బీమా చేయించాలంట. ఆ సంగతంతా నువ్వే చూడు. ఈ వొక్క పని తప్పు లేకుండా చేసినావంటే మిల్లు తాళాలు నీ చేతిలో పెడతా. లేదంటే నీ బియ్యేను నూనెలో వేయించుకొని తిను" అన్నాడు. మిల్లు తాళాల గుత్తి ఆయన మొలకు వేలాడుతూ ఉండేది. ఆయన నడిస్తే గలగలమనేది, నా గుండె దానికి తాళం వేసేది.

బీమా ఏజెంటు మౌలా సాయిబు కడపనుంచి సైకిలు మీద వచ్చాడు. నిదానస్తుడు. పడవ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, వక్క నోట్లో వేసుకుని మొదలుపెట్టాడు.

"చూడు సామీ, ఇందులో రకాలుండాయి. పడవ నీళ్లలో ఉండంగా మునిగినా, దేనికన్నా గుద్దుకున్నా, గాలివానకు పగిలినా కంపెనీ ఇచ్చేది ఒకటి. గట్టున పెట్టినప్పుడు కాలినా, విరిగినా, దొంగలెత్తుకుపోయినా ఇచ్చేది ఇంకొకటి. రెండూ కలిపి తీసుకుంటే ఖర్చు రవ్వంతే ఎక్కువ. నా మాట విను, రెండూ తీసుకో."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "సాయిబూ, పడవకు గండం నీళ్లలో కాక గడ్డమీద ఎందుకొస్తుంది? చేపను ఎండనుంచి కాపాడినట్టుంది నీ యవ్వారం. నీళ్లది ఒక్కటే రాయి."

"నీ ఇష్టం. మరి మీ పడవ పోయి ఇంకొకరికి తగిలి వాళ్లకు నష్టమయితే? దానికీ ఒకటి ఉండాది. కట్టేది కొంచెమే."

"ఇంకొక పడవ యాడుంది సాయిబూ ఈ జిల్లాలో? ఇది పోయి ఎవరికి తగులుతుంది?"

"పడవకే తగలాలని లేదు సామీ..."

"వద్దంటే వద్దు!"

లోపలినుంచి మజ్జిగ తెచ్చిన మా ఆవిడ ఈశ్వరమ్మ అంతా వింది. "బావా, గొడుగు కొనేటప్పుడు ఎండకా వానకా అని అడుగుతామా? రెంటికీ పనికొచ్చేది తీసుకో" అంది.

"నీకేం తెలుసు, లోపలికి పో" అన్నాను. కొత్త పెళ్లికొడుకుని కదా, అట్లా అంటే మగతనం అనుకునేవాణ్ణి. ఆమె మజ్జిగ చెంబు సాయిబుకు ఇచ్చి, నాకివ్వకుండానే లోపలికి పోయింది.

రెండు నెలలు మా వైభోగం చూడాలి. ప్రతి ఆదివారం సాయంత్రం మామ తెల్లపంచె కట్టుకుని, తాంబూలం వేసుకుని పడవలో కూర్చుంటే నేను తెడ్డు వేసేవాణ్ణి. గట్టున జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చేవాళ్లు. తర్వాత చెరువు తన మామూలు ప్రకారం ఎండింది. పడవను గట్టు వాలులో కానుగచెట్టు కింద పెట్టాము. ఎండకు చెక్కలు నోళ్లు తెరవసాగాయి. నీళ్లలో ఉండంగా దానికి ఒక్క గీత కూడా పడలేదని మనవి చేసుకుంటున్నాను.

నడివేసవిలో ఒక మధ్యాహ్నం మా మిల్లుకే వస్తున్న చెనిక్కాయల బండి గట్టెక్కుతూ ఉంటే కాడి తాడు తెగింది. ఎద్దులు ముందుకు, బండి వెనక్కి. ఆ బండి గట్టు వాలులో జారి జారి, ఇంత పెద్ద ప్రపంచంలో ఇంకెక్కడా చోటు దొరకనట్టు, సరిగ్గా పోయి మా పడవ ముక్కును పచ్చడి చేసింది. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. బండి పోయి ఓడను గుద్దితే ఏమవుతుందో మాత్రం ఒక్క పెద్దమనిషీ చెప్పి చావలేదు.

మామ వచ్చి చూశాడు. "బీమా ఉండాదిగా?" అన్నాడు.

"ఉంది మామా" అన్నాను. ఉన్నది నీళ్ల బీమా ఒక్కటేనన్న మాట మింగేశాను.

అప్పుడు నా బియ్యే బుర్రకు ఒక ఆలోచన తట్టింది. పడవ నీళ్లలోకి పోలేకపోతే, నీళ్లే పడవ దగ్గరికి రాకూడదా? కబురందుకుని సాయిబు వచ్చేలోపల పడవ చుట్టూ గుంత తవ్వించి నీళ్లు నింపితే పడవ నీళ్లలో ఉన్నట్టే కదా! మిల్లు బండికి పీపా కట్టించి, బావినుంచి నీళ్లు తెప్పించి పోయించడం మొదలుపెట్టాను. పోసిన నీళ్లు పోసినట్టే భూమి తాగేసింది. ఇంకో పీపా తెప్పించాను.

మా ఊళ్లో ఎండాకాలం బావి దగ్గర ఒక్క కడవ నీళ్లకోసం జుట్లు పట్టుకుంటారు. నేను చేసేది చూసి ఆడవాళ్లంతా కడవలు చంకనేసుకుని గట్టెక్కి వచ్చారు.

"ఓరి నీ చదువు మన్నుగాను! తాగేదానికి నీళ్లు ల్యాకుంటే చెక్కకు తాపుతాండావా?"

"ఇదేమి పోయే కాలమప్పా నీకు! పసిబిడ్డలు నాలిక పిడచగట్టి ఏడుస్తాండారే!"

"ఓబుళరెడ్డి అల్లునికి ఎండ దెబ్బ తగిలిందే! ఆ నీళ్లేవో వాని నెత్తిన పొయ్యండే!"

పోశారు కూడా. మిగిలిన నీళ్లన్నీ కడవల్లో పట్టుకుపోయారు. గుంతలో మిగిలింది బురద. నేను తల తుడుచుకుంటూ ఉండగానే కొండమ్మవ్వ ఎనుము ఎక్కడినుంచో ఆ తడి వాసన పసిగట్టి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, పడవ పక్కన బురదలో పడుకుని కళ్లు మూసుకుంది. సరిగ్గా అప్పుడే గట్టుమీద సైకిలు గంట మోగింది.

మౌలా సాయిబు పడవను చూశాడు, ఎనుమును చూశాడు, తడిసిన నన్ను చూశాడు.

"ప్రమాదం జరిగినప్పుడు పడవ యాడుంది సామీ?"

"నీళ్లలో" అన్నాను.

"ఈ నీళ్లలోనా? మరి ఈ బండి?"

"అదీ... నీళ్లలోనే వచ్చింది."

"ఖుదా! చెనిక్కాయల మూటలు పొడిగా ఉండాయే!" అన్నాడు సాయిబు. ఆయనకు నవ్వాగక చెట్టును పట్టుకున్నాడు. పైసా రాలేదు. ఇదీ నా మొదటి మునక.

మామ ఆ రోజే బండ్లు చేసే వడ్రంగిని పిలిపించి తన ఖర్చుతో ముక్కు అతికించాడు. తాళాల గుత్తిని ఒకసారి తడుముకుని, "ఇంకొక్క అవకాశమిస్తాండా అల్లుడా. ఈసారి తప్పితే నన్నడగొద్దు" అన్నాడు. ఆయన అరిచినా నాకు అంత భయం వేసేది కాదు.

మళ్లీ కార్తీకం వచ్చింది. వాన మాత్రం రాలేదు. చెరువు నెర్రెలిచ్చి ఉంది. కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పారు, గాడిదలకు పెళ్లి చేశారు. వరుణదేవుడు ఆ పెళ్లికి కూడా రాలేదు. బీమా తిరిగి కట్టే గడువు వచ్చింది. సాయిబు సైకిలు దిగకముందే చెప్పాడు, "సామీ, ఈసారన్నా రెండూ తీసుకో."

"బావా, గొడుగు..." అని లోపలినుంచి వినిపించింది.

దెబ్బ తిన్నవాణ్ణి కదా, నాకు జ్ఞానోదయం అయిపోయి ఉంది. "సాయిబూ, ఈ ఊళ్లో పడవకు గండం గడ్డమీదే. నీళ్లది తీసెయ్. గట్టుది రాయి!" అన్నాను.

"వానొస్తే?"

"ఆకాశం చూసి మాట్లాడు సాయిబూ!"

ఆకాశం నా మాట విన్నట్టుంది. వారం తిరగకముందే సముద్రం వైపునుంచి తుఫాను పట్టుకుంది. ఆ వాన వాన కాదు, ఆకాశానికి చిల్లి పడింది. తెరిపిచ్చేసరికి చెరువు నిండి మరవ మీదుగా నీళ్లు దూకుతున్నాయి. ముసలివాళ్లు ఏడ్చారు, పిల్లలు ఎగిరారు, నిజం చెప్పొద్దూ, నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు సంతోషంతో వచ్చినవో భయంతో వచ్చినవో అప్పుడు తెలియలేదు.

చెరువు నిండితే గంగమ్మకు చీర, సారె ఇవ్వడం మా ఊరి ఆచారం. ఎప్పుడూ గట్టుమీదినుంచే వదిలేవాళ్లు. "ఈసారి పడవలో నడిమధ్యకు పోయి నేనే ఇస్తా" అన్నాడు మామ. "పడవ సిద్ధంగా ఉండాదా అల్లుడా?"

"చెక్కల సందుల్లో కందెన బాగా దట్టించాను మామా" అన్నాను.

"భేష్! కందెన పెట్టినాక ఇంకేంది!" అన్నాడు మామ.

చదువరులారా, కోస్తావాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఈపాటికి నెత్తి కొట్టుకుంటూ ఉంటారు. మేము బండ్లు తెలిసినవాళ్లం. బండి కిర్రుమంటే కందెన, చక్రం బిగుసుకుంటే కందెన. పడవకు కూడా అంతే అనుకున్నాము. ఎండిన పడవను ముందు నీళ్లలో నానబెట్టాలని, చెక్క ఉబ్బితేగానీ సందులు మూసుకోవని చెప్పేవాళ్లు చుట్టుపక్కల ఎవరున్నారు?

డప్పులు మోగాయి. మామ చీర, పసుపు, కుంకుమ పళ్లెంలో పెట్టుకుని పడవెక్కాడు. కొత్త బీమా కాగితం ఇచ్చిపోదామని వచ్చిన మౌలా సాయిబు కూడా గట్టున నిలబడ్డాడు. నేను తెడ్డు వేశాను. కాస్త దూరం పోగానే మామ, "అల్లుడా, కాళ్లు చల్లగా ఉండాయే" అన్నాడు.

"గంగమ్మ దయ మామా."

"దయ మోకాళ్లదాకా వచ్చింది గదరా!"

చూద్దును కదా, కందెన నల్లగా నీళ్లమీద తేలుతోంది. సందు సందునుంచీ చెరువు లోపలికి వస్తోంది. నేను తెడ్డు వదిలేసి తాంబూలం పెట్టెతో నీళ్లు తోడడం మొదలుపెట్టాను. తెడ్డు లేని పడవ గిర్రున తిరిగి, హాయిగా ఈదుతున్న కొండమ్మవ్వ ఎనుమును పోయి ఠపీమని గుద్దింది. ఎనుము ఊరుకుంటుందా? తల ఒక్కసారి విసిరింది. దాని కొమ్ము ఒకటి, మా పడవ పక్క చెక్క ఒకటి విరిగాయి. పడవ మునిగింది. మామ చేతికి దొరికింది పట్టుకున్నాడు. అది ఎనుము తోక. ఆయనను అది లాక్కుంటూ గట్టుకు చేర్చింది. నీళ్లు ఎద లోతే కాబట్టి నేను నడిచి వచ్చాను. చీర మాత్రం గంగమ్మకు చేరింది, పళ్లెంతో సహా.

గట్టున డప్పులు ఆగిపోయాయి. మొదట నోరు తెరిచింది కొండమ్మవ్వ.

"నా ఎనుము కొమ్ము ఇరిగిపాయనే! ఎవురిస్తారప్పా నాకు? ఎవురిస్తారు?"

నేను తడి గుడ్డలతోనే సాయిబు దగ్గరికి పరుగెత్తాను. "సాయిబూ, పడవను ఇప్పుడే బయటికి లాగిస్తా. అప్పుడు గట్టున ఉన్నట్టే కదా?"

"ఖాయంగా సామీ" అన్నాడు సాయిబు జాలిగా, కాగితం నా చేతిలో పెడుతూ. "గట్టుకొచ్చినాక దానికింకేమన్నా అయితే కంపెనీదే పూచీ. ఇంకా అయ్యేదానికి ఏమన్నా మిగిలుంటే."

మామ పంచె పిండుకున్నాడు. మొలనుంచి తాళాల గుత్తి తీశాడు. ఊరంతా చూస్తోంది. ఆయన నా వైపు నడిచాడు, నేను ఆశగా చెయ్యి కూడా చాచాను, సిగ్గులేనివాణ్ణి. ఆయన నన్ను దాటుకుని పోయి ఆ గుత్తిని కూతురి కొంగుకు ముడివేశాడు.

"గొడుగు మాట నేనూ విన్నాలేమ్మా. మిల్లు నువ్వు చూసుకో. వానికేదన్నా పని చెప్పు, నీళ్లతోనూ గట్టుతోనూ సమ్మందం లేనిది" అన్నాడు.

ఈశ్వరమ్మ తాళాలు సర్దుకుని కొండమ్మవ్వ వైపు తిరిగింది. "అవ్వా, కొమ్ముకు బదులు ఆ పడవ తీసుకో. అతికించి ఇస్తాం" అంది.

అవ్వ ఏడుపు టక్కున ఆపింది. "నేను మొదటి దినమే చెప్తి గదమ్మా, అది కుడితి తొట్టేనని! ఎవురన్నా ఇంటే గదా!"

ఆ పడవ చాలా ఏళ్లు అవ్వ ఇంటి ముందే ఉంది. ఒంటికొమ్ము ఎనుము అందులో కుడితి తాగుతూ, నేను ఆ దారిన పోతే తలెత్తి చూసి పెద్దగా నిట్టూర్చేది. నానిన చెక్క ఉబ్బింది కాబోలు, ఒక్క చుక్క కారేది కాదు.

అందుకని, ఆ గంగమ్మ సాక్షిగా, ఒంటికొమ్ము ఎనుము సాక్షిగా, ఇప్పటికీ మిల్లు కుర్చీలో కూర్చునే మా ఆవిడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఆమెను అడగకుండా గొడుగు కూడా కొనను. ఒకవేళ కొన్నా, అది ఎండకా వానకా అని మాత్రం అంగడివాణ్ణి అడగను.