పాత స్టవ్‌లో బూడిద

ఈ చలిదేశంలో, ట్రాలీ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి ఒక సెకండ్‌హ్యాండ్ కట్టెల స్టవ్ కొన్నాం. అమ్మిన పెద్దాయన "మా ఆవిడ పోయాక దీన్ని వెలిగించలేదమ్మా" అన్నాడు. నిన్న బిగించడానికి వచ్చినతను దాని తలుపు తీస్తే, లోపల బూడిద అలాగే ఉంది. ఎక్కడి కట్టెలో ఏమో గానీ, ఆ వాసన అచ్చం మా అమ్మమ్మ వంటింటిదే.

మీకూ గుర్తుండే ఉంటుంది. రాత్రి వంటయ్యాక పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పేవాళ్ళు. పొద్దున్నే కాస్త కదిపి ఊదుగొట్టంతో ఊదితే మళ్ళీ రాజుకునేవి. ఒక రాత్రి అమ్మమ్మ అలాగే కప్పి పడుకుంది. తెల్లారి లేవలేదు.

"శవం లేచేదాకా పొయ్యి రాజెయ్యకూడదు, ఎవరూ వంటింట్లోకి పోకండి" అంది పెద్దమ్మ. నేను వెళ్ళాను. బూడిదలో వేళ్ళు పెట్టాను. వెచ్చగా ఉంది. అప్పుడే వసారాలో నేను ముట్టుకున్న అమ్మమ్మ చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

"బూడిద తీసెయ్యనా?" అని అడిగాడు స్టవ్ బిగించేతను.

"ఒక్క నిమిషం" అని చెయ్యి లోపల పెట్టాను.

"మమ్మీ, ఇట్స్ జస్ట్ యాష్!" అంది మా అమ్మాయి.

నిజమే, చల్లగానే ఉంది. అయినా అడుగుదాకా వెతికాను.