మా షేమ్‌లెస్ హెడ్మాస్టారు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు ఎంత తక్కువ వచ్చో, ధైర్యం అంత ఎక్కువ. తొంభైల చివర్లో, నేను సత్తెనపల్లి దగ్గర మా ఊరి బడిలో పదో తరగతి చదువుతుండగా మా హెడ్మాస్టారు రిటైరయ్యారు. ఏడో తరగతితో చదువు మాన్పించి నన్ను మిరపకోతలకు పంపబోయిన నాన్నను, మా చేనుకే వచ్చి ఒప్పించి మళ్లీ బళ్లో కూర్చోబెట్టిన మనిషి ఆయన. అందుకే వీడ్కోలు సభలో ఆయన్ను ఇంగ్లీషులోనే పొగుడుతానని పట్టుబట్టాను. గుంటూరులో డిగ్రీ చదువుతున్న మా బావను సాయం అడిగితే, "ఓస్, ఇంతేనా! మాట చివర లెస్ తగిలిస్తే అది లేదని అర్థం. ఫియర్ అంటే భయం, ఫియర్‌లెస్ అంటే భయం లేనోడు. ఏది లేకపోతే గొప్పో దానికల్లా తగిలించుకుంటా పో" అని చెప్పి క్రికెట్‌కు వెళ్లిపోయాడు. నేను డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను.

సభలో నాన్న కొత్త కండువాతో ముందు వరుసలో కూర్చున్నాడు (ఆయనకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు). "అవర్ హెడ్మాస్టర్ ఈజ్ ఫియర్‌లెస్!" అన్నాను. చప్పట్లు. "హెల్ప్‌లెస్!" అన్నాను. నాన్న ఇంకా గట్టిగా కొట్టాడు. "కేర్‌లెస్!" అనేసరికి లెక్కల మాస్టారు తల దించుకున్నారు. "అండ్ షేమ్‌లెస్!" అని ముగించేసరికి చప్పట్లు కొడుతున్నది నాన్న ఒక్కడే.

హెడ్మాస్టారు లేచి నా దగ్గరకు వచ్చారు.

"ఏమ్మా, హెల్ప్‌లెస్ అంటే ఏంటి?"

"ఎవరి సాయమూ అక్కర్లేనివారండి."

"కేర్‌లెస్?"

"కేర్ అంటే చింత అని ఉందండి. ఏ చింతా లేనివారండి."

"మరి షేమ్‌లెస్?"

"సిగ్గుపడాల్సిన పని ఒక్కటీ చెయ్యనివారండి."

ఆయన నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత మైకందుకుని, నిస్సహాయుడు, నిర్లక్ష్యపు మనిషి, సిగ్గులేనివాడు అంటూ అసలు అర్థాలు ఒక్కొక్కటే విడమరిచి చెబుతుంటే సభంతా గొల్లుమంది. నాకైతే బల్ల కింద దూరిపోవాలనిపించింది. నాన్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అప్పుడు హెడ్మాస్టారు నా తలమీద చెయ్యి వేసి, "పరీక్షలో మాత్రం ఇట్టా రాయమాక తల్లీ. నాకు మాత్రం నీ అర్థాలే కావాలి" అని నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు మా ఆఫీసులో ఎవరు రిటైరైనా ఇంగ్లీషు వీడ్కోలు ప్రసంగం నాచేతే రాయిస్తారు. ఒక్క తప్పూ ఉండదు. అందరూ బాగుందంటారు. కానీ ఆ పదో తరగతి పిల్ల పొగిడినంత మనసారా నేను ఇంకెవరినీ పొగడలేకపోయాను.