కొన మడిచిన తీగ

కటింగ్ ప్లేరు తీగను తెంపినప్పుడు టక్కుమని చప్పుడవుతుంది. మొన్న తర్లుపాడు దగ్గర ఒక బత్తాయి తోటకు జాలీ కంచె కట్టిస్తుంటే ఆ చప్పుడు విని, తెలియకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచాను. పనివాళ్లు నవ్వారు. ఈ అలవాటు నాకు అంటించినవాడు యోహాను మామ.

మార్కాపురంలో నేను పనిచేసిన పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక, ముప్పై అయిదేళ్ల వయసులో ఆయన దగ్గర కంచె పనికి చేరాను. మాకు చుట్టరికం లేదు, వరస కలుపుకున్నాం. వరుసగా పాతిన రాతి కూసాలకు ఇనుప జాలీని తీగతో బిగించడమే పని. ముడి వేసి మిగిలిన తీగ తెంపడం ఎవరైనా చేస్తారు. మామ మాత్రం తెంపిన కొనను ప్లేరు ముక్కుతో పట్టి, వెనక్కి మడిచి, లోపలికి అదిమేవాడు. ఆ తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి కింది చర్మాన్ని ముడి మీద ఆనించి నిమిరేవాడు. గీరుకుంటే మళ్లీ మడవాల్సిందే. నాకదంతా చాదస్తంగా తోచేది.

"అరచేత్తో చూస్తే చాలదా మామా?" అని ఒకసారి అడిగేశాను.

"అరచేతులు కాయలు కాసిపోయినాయి అల్లుడా. వాటికేం తెలుస్తాది? ఈడ తోలు మెత్తగా ఉంటాది."

పెద్దారవీడు దగ్గర ఒక మిరప చేనుకు చివరి వరుస నాకు అప్పజెప్పాడు. ఆ సాయంత్రం నల్లమల వైపు మబ్బు పట్టింది. బస్సు పోతుందని నా తొందర. తుమ్మ చెట్ల చాటున పది కూసాల దగ్గర కొనలు మడవకుండా వదిలేశాను. "అయిపోయిందా?" అంటే "అయిపోయింది" అన్నాను. మామ నా మాట నమ్మి ఆ ఒక్క వరుసా నిమిరి చూడలేదు.

వారానికి, ఆ చేను పక్క దారిన గొర్రెలు తోలుకుపోయే పుల్లమ్మ ఒక గొర్రెను తాడుతో పట్టుకుని మేమున్న చోటికి వచ్చింది. కంచె పక్కన మేస్తుంటే తీగ గుచ్చుకుని దాని ఎడమ కన్ను పోయింది.

"ఏంది యోహానన్నా? నువ్వు కట్టిన కంచె అనే గదా నేను ఆ పక్కన తోలుకపోయింది."

"తప్పు నాదే చెల్లీ" అన్నాడు మామ. నా వైపు చూడనైనా లేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మామది కాదక్కా. కొనలు వదిలేసింది నేనే" అన్నాను.

మామ తన ప్లేరు నా చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే పో."

మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి ఆ పది కూసాల ముడుల కొనలూ మడిచాను. ప్రతిదాన్నీ మోచేతి కింది చర్మంతో నిమిరాను. నాలుగు చోట్ల గీరుకుని రక్తం వచ్చింది. మళ్లీ మడిచాను. మధ్యాహ్నానికి మామ వచ్చాడు. చొక్కా చెయ్యి దించే ఉంది.

"నిమిరి చూడు మామా."

"ఎందుకు? నువ్వు చూసినావు గదా" అని కూసానికి ఆనుకుని కూర్చుని సద్ది మూట విప్పాడు.

మామ చనిపోయాక అత్త ఆ ప్లేరు నాకిచ్చింది. మొన్న తోటలో పనివాళ్లు నవ్వుతుండగానే ముడులన్నీ నిమురుకుంటూ పోయాను. ఒకచోట గీరుకుంది. సంచిలోంచి ప్లేరు తీసి కొన మడిచాను. ఆ కంచె పక్కనే గొర్రెలు నడిచే దారి ఉంది.